దావూద్ చాచా గుట్ట

అనుమానించడం నా వృత్తి. అయినా ఆ పొద్దున గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖాన వరండాలో మల్లికార్జున్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టాను. మనస్ఫూర్తిగానే పెట్టాను.

లోపల మంచం మీద స్పృహ లేకుండా ఉన్నది దావూద్ చాచా. నాకు ఆయన రక్తసంబంధం కాదు, అంతకంటే ఎక్కువ. మొగుణ్ణి వదిలేసి నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి, డిటెక్టివ్ ఆఫీసు పెడతానంటే ఈ ఊళ్ళో ఒక్కరూ గది ఇవ్వలేదు. ఫోటోలకు ఫ్రేములు కట్టుకునే దావూద్ చాచా తన ఇంటి మీది గది ఇచ్చాడు. "రజిత, ప్రైవేటు డిటెక్టివ్" అని బోర్డు కూడా తనే రాశాడు. మేకులు కొట్టి, కిందికి దిగి, తల వంచి చూసి, "జర వంకర ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. ఆ మనిషి పోయిన శుక్రవారం తల పగిలి పడి ఉంటే, ఎత్తుకుని తెచ్చి ప్రాణం నిలబెట్టింది మల్లికార్జున్. అలాంటివాడికి దండం పెట్టక ఏం చేస్తాను?

చాచా భార్య సఫియా చాచీ అయితే మల్లికార్జున్‌ను దేవదూత లాగే చూస్తోంది. నేను వెళ్ళేసరికి టిఫిన్ డబ్బా విప్పి, వద్దంటున్నా వినకుండా ఆయనకు రొట్టె, ఖీమా వడ్డిస్తోంది. భర్త పక్కన వారంగా కదలకుండా కూర్చున్న మనిషికి తను తినకుండా పెడుతోంది.

మల్లికార్జున్ విత్తనాల ఆర్గనైజర్. రైతులకు పత్తి విత్తనం ఇచ్చి, వాళ్ళ చేలల్లో విత్తనపు ప్లాట్లు వేయించి, పంట మళ్ళీ కంపెనీకి చేరవేసే పని. సరదా మాత్రం వేరు. వనపర్తిలో ఆయనా, నలుగురు స్నేహితులూ వేలి కణుపంత సీసపు సైనికులతో బల్ల మీద యుద్ధం ఆడతారు. టేపుతో కొలిచి దండును నడిపిస్తారు, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు. ఆ యుద్ధాలకు కొండలూ వాగులూ ఉన్న బల్ల కావాలి. దాన్ని చేసే చెయ్యి ఈ చుట్టుపక్కల దావూద్ చాచాదే. వచ్చే ఆదివారం వనపర్తిలో పెద్ద ఆట ఉంది, ఊరి జనమంతా వచ్చి చూసేలా పెడుతున్నారు.

"మల్లికార్జున్ అన్నా, ఇంకొక్కసారి చెప్పు," అన్నాను. "శుక్రవారం చాచా షెడ్డులకు పోయిన కాన్నుంచి."

"ఎన్నిసార్లు చెప్పాలె రజితమ్మా?" విసుక్కోలేదు, అలసటగా నవ్వాడు. "బల్ల ఎంతదాంక వచ్చిందో సూద్దమని పోయిన. పదకొండు అయితుండె. తలుపు తీసే ఉన్నది. భాయ్ కింద పడి ఉన్నడు, తలకాడ నెత్తురు. ఎత్తుకున్న, జీపుల ఏసుకున్న, వచ్చిన. గంతే."

"లోపల ఎంతసేపున్నవ్?"

"ఉండుడేంది? పోయిన, తెచ్చిన."

"బల్ల మీద ఏమన్న చెదిరిందా? ఎవరన్న ముట్టినట్టున్నదా?"

"బల్ల దిక్కు సూసే సోయి ఏడుంటదమ్మా? మనిషి పోతుండంటె!"

నిజమే కదా అనిపించి, అడిగినందుకు నాకే సిగ్గేసింది. చాచీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "జుమ్మా అజాన్ అయితుండంగ ఈయన ఫోన్ జేసిండు బేటీ. నేను మా చెల్లె ఇంట్ల ఉంటి. ఈయన లేకుంటె నా బతుకు ఏమైతుండె?"

ఇంకో సంగతి కూడా చెప్పింది. నిన్న చాచా వేళ్ళు కదిలించాడట. హైదరాబాదులో తెలిసిన పెద్ద డాక్టరుతో మాట్లాడి, ఈ రోజే అక్కడికి తరలించే ఏర్పాటు మల్లికార్జున్ చేశాడట. అప్పుడే దండం పెట్టాను. ఆయన నా చేతులు పట్టుకుని కిందికి దించాడు.

నా బాధ అంతా యోహాను గురించి. చాచా దగ్గర పదేళ్ళుగా పని చేస్తున్నవాడు. ఆ రోజు నెత్తురు కావాలంటే ముందు చెయ్యి చాచింది వాడే. మోచేతి మీద దూది తీయకముందే పోలీసులు వచ్చి తీసుకుపోయారు. చాచాను కొట్టిన ఇనుప స్కేలు మీద వాడి వేలిముద్రలున్నాయట. రోజూ దాంతో పని చేసేవాడి ముద్రలు కాక మావి ఉంటాయా? కానీ ఇంకోటి కూడా ఉంది. ముందు రోజు సాయంత్రం ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారని పక్కింటి అలివేలమ్మ చెప్పింది. యోహాను ఒప్పుకున్నాడు. ఎందుకు అరుచుకున్నారంటే వాడు చెప్పిన జవాబే వాణ్ణి ముంచింది.

"బల్ల మీద గుంత గురించి," అన్నాడు యోహాను పోలీసులతో. "బూడిదగుట్ట మీద కూలిన బురుజు ఎనక పెద్ద గుంత తవ్విండ్రు. మెట్లు గూడ ఉన్నయి. మేం కొలతలకు పోయినప్పుడు సూసినం. చాచా బల్ల మీద గా గుంత గూడ జేసిండు. మనకెందుకు, తీసెయ్యమన్న నేను. ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నడు ఆయన."

పోలీసులు వెళ్ళి చూశారు. బల్ల మీద గుంత లేదు. వాడు అబద్ధాలకోరు అని తేలిపోయింది. అందుకే నేను దవాఖాన నుంచి నేరుగా చాచా ఇంటి వెనక ఉన్న షెడ్డుకు వెళ్ళాను.

వెళ్ళేసరికి నా ప్రాణానికి ఇమ్మానుయేల్ తయారుగా ఉన్నాడు. వనపర్తిలో నాలాగే డిటెక్టివు. యోహాను మీద కేసు గట్టిగా నిలబెట్టింది ఆయనే. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాటలో ఎప్పుడూ ఒక చురక.

"రా మేడం, రా. పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు అయిపోయినయా?"

"అయిపోయినయి సార్. ఆఖరిది మీ తమ్మునిదే. పిల్ల తండ్రి అడిగితె మంచోడనే చెప్పిన."

ఆయన మొహంలో నవ్వు కాస్త వెనక్కి తగ్గింది. తమ్ముడి పెళ్ళి కుదిరిన సంగతి తెలుసు, ఎవరి మాటతో కుదిరిందో తెలియదు పాపం.

"ఎందుకు ఊకె తిరుగుతవ్?" గొంతు తగ్గించి అన్నాడు. "యోహాను కొట్టిండు. పనోడు, ఓనరు లొల్లి పెట్టుకున్నరు, తెల్లారి ఓనరు తల పగిలింది. ఇందుల సూసేదేమున్నది?"

"నెత్తురు ఇచ్చిండు కద?"

"తప్పు జేసినోనికి బుగులుంటది. భయంతోనే ఇచ్చిండు."

"మరి గుంత ఉన్నదని ఎందుకు చెప్పిండు?"

"నోటికొచ్చింది చెప్పిండు. నేను శనివారం నాడే వచ్చి సూసిన. సదునుగ ఉన్నది."

షెడ్డు మధ్యలో బల్ల ఉంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దుమ్ము పడకుండా చాచా ఎప్పుడూ పాలిథీన్ షీటు కప్పుతాడు. ఇప్పుడూ కప్పే ఉంది, అంచులు బల్ల కిందికి దోపి ఉన్నాయి. షీటు లోపలివైపు అంతా చెమ్మ పట్టి నీటి బొట్లు వేలాడుతున్నాయి. రెండు చేతులతో జాగ్రత్తగా లేపి పక్కకు తీశాను.

తుంగభద్ర ఒడ్డు నా ముందు పరుచుకుంది. థర్మోకోల్ పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, వేడి తీగతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, గుట్ట నిలబెట్టాడు. దాని మీద గమ్ము పూసి జల్లెడ పట్టిన మట్టి చల్లాడు. పొదలు రంగు వేసిన రంపపు పొట్టు. రాలిన ఆకులు వాడేసిన టీ పొడి. నది వార్నిష్, పూత మీద పూత వేసి ఆరబెట్టింది, లోతుగా కనపడుతోంది. రాజోలి దిక్కు రేవు దగ్గర రాళ్ళు కూడా ఉన్నాయి. లేని గుట్టను చేయమంటే చాచా చేయడు. నిజంగా ఎక్కడో ఒకచోట ఉండాలి, ఆయన వెళ్ళి నడిచి రావాలి. ఈసారి వనపర్తి వాళ్ళు ఒక నదీ, ఒక గుట్టా ఉంటే చాలన్నారు, ఏ గుట్టో చెప్పలేదు. చాచా బూడిదగుట్టను ఎంచుకున్నాడు. ఇంత శ్రద్ధగా పని చేసే మనిషి ఇంటి మీద నేను బతుకుతున్నందుకు నాకు గర్వంగా అనిపించింది.

"సూడు ఎంత బాగ జేసిండో," ఇమ్మానుయేల్ కూడా వంగాడు. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "బురుజు ఎనక మొక్కలు సూడు. అచ్చం నిజం మొక్కల లెక్కనే ఉన్నయి."

నేను అటు చూశాను. కూలిన బురుజు వెనక, అరచేయంత చోట, నాలుగైదు లేత పచ్చటి మొక్కలు. ఒక్కోదానికి రెండేసి ఆకులు. వేలితో తాకాను. వంగి, మళ్ళీ లేచింది.

"సార్, ఇవి నిజం మొక్కలే."

ఇమ్మానుయేల్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "శనివారం లేకుండె ఇవి."

అప్పుడే ఇంటి వెనక తలుపు తీసుకుని సఫియా చాచీ వచ్చింది. చేతిలో ఖాళీ బ్యాగు ఉంది, చాచా బట్టలు సర్దుకుందామని వచ్చానంది. షీటు తీసిన బల్లను చూడగానే ఆగిపోయింది. భర్తనే చూసినట్టు చూసింది.

"చాచీ, ఒక్క మాట. బల్ల మీద ఏసే మట్టి ఏడికెల్లి వస్తది?"

"మట్టా?" వారం తర్వాత ఆమె మొహంలో కాస్త నవ్వు కనిపించింది. "నా మూకుళ్ళన్ని ఖరాబు జేసింది గా మట్టే బేటీ! మొదట్ల ఒక బల్ల జేసిండు, చేనుల మట్టి తెచ్చి ఏసిండు. నాలుగొద్దులకు కోట మీద గరిక మొలిచింది, చీమలు పుట్ట పెట్టినయి. బల్ల కొన్నాయన తెచ్చి వాపస్ ఇచ్చిండు. అప్పటి సంది ఏ మట్టైనా పొయ్యి మీద వేయించాలె. మాడు వాసనకు నాకు తల నొస్తది, అయినా ఇనడు."

"వేయించనిది ఎప్పుడన్న ఏస్తరా?"

"తోబా! చిటికెడు గూడ ఎయ్యనియ్యడు. యోహానుకు వచ్చినంక మొదలు నేర్పింది గదే. పాపం, ఆ పిలగాడు నా చేతుల కెల్లి గంటె గుంజుకోని తనే వేయిస్తడు, నాకు తల నొస్తదని. గా డబ్బాలల్ల పోసి పెడ్తడు."

అలమారలో వరుసగా పాత పాల పొడి డబ్బాలు. మూతలు పెట్టి ఉన్నాయి. పై నుంచి చూస్తే మసాలాలో, రంగులో అనుకుంటారు. లోపల మట్టి ఉందని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

నేను ఇమ్మానుయేల్ వైపు తిరిగాను. "ఇన్నరు కద సార్. గీ అరచేయంత జాగల పచ్చి మట్టి పోసింది చాచా గాదు, యోహాను గాదు. మట్టి ఏడున్నదో, ఎట్ల వెయ్యాలో తెల్వనోడు పోసిండు."

"తొందరల యోహానే పోసిండనుకో. కొట్టినంక వేయించుకుంట కూసుంటడా?"

"డబ్బాల వేయించింది తయారు ఉండంగ పచ్చిది ఎందుకు తెస్తడు? సరే, మీరన్నట్టే అనుకుందం. గుంతను దాచిపెట్టినోడు, బల్ల మీద గుంత ఉన్నదని పోలీసులకు వాడే ఎందుకు చెప్తడు సార్?"

డిటెక్టివు అన్నవాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉండదు. నేను ఆ ముచ్చట తీరిగ్గా ఆస్వాదించే స్థితిలో లేను.

చాచా కోత చాకు తీసుకున్నాను. మొక్కల చుట్టూ గీసి, గమ్ముతో పైన గట్టిపడి లోపల తడిగా ఉన్న మట్టిని పెల్లగా లేపాను. పట్టు వదిలి ఊడి వచ్చింది. దాని కింద చతురస్రంగా కోసిన గుంత ఉంది. గుంత గోడకు చిన్న చిన్న మెట్లు, ఒక్కోదాని అంచుకు ముదురు రంగు తీర్చి ఉంది. మూలన అగ్గిపుల్లతో చేసిన గడ్డపార కూడా ఉంది. గుప్త నిధుల కోసం తవ్వేవాళ్ళు ఎలా తవ్వుతారో పాలమూరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"యోహాను నిజమే చెప్పిండు," అన్నాను. నాకు తెలియకుండానే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. చాచీ నా వీపు మీద చెయ్యి వేసింది. "నేను ముందే చెప్పిన కద బేటీ, వాడు నా కొడుకసొంటోడు," అంటూ తనూ ఏడ్చింది. యోహాను ఇంటికి వస్తాడు అన్నంతవరకే ఆమెకు అర్థమైంది. బట్టలు సర్దడానికి లోపలికి వెళ్ళింది.

ఇమ్మానుయేల్ మాత్రం కదల్లేదు. పెల్లను చేతిలోకి తీసుకుని, ఒక మొక్కను వేరుతో సహా మెల్లగా లాగాడు. ఆకు కొసన విత్తనం పొట్టు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని గోటితో తీసి వెలుతురులో పట్టుకున్నాడు. గులాబి రంగులో ఉంది.

"పత్తి ఇత్తనం," అన్నాడు నెమ్మదిగా. "మందు పట్టిచ్చింది. గిది చేన్ల ఊకె దొరికేది గాదు మేడం. కంపెనీ ఇత్తనం."

"కంపెనీ ఇత్తనం మట్టిల ఎట్ల కలుస్తది సార్?"

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నాతో పోట్లాడుతున్న మనిషి కాదిప్పుడు, తనతో తను పోట్లాడుతున్నాడు.

"మొలక పరీక్ష జేస్తరు. ట్రేలల్ల మట్టి పోసి, ఇత్తనాలు పెట్టి, ఎన్ని మొలుస్తయో సూస్తరు. గా మట్టి సంచి, ఇత్తనాల సంచులు ఒక్కకాడనే పడి ఉంటయి. జీపు ఎనకాల." పొట్టును అరచేతిలో పెట్టుకున్నాడు. "నేను గా జీపులనే రెండుసార్లు గద్వాలకు వచ్చిన. నన్ను ఈ కేసుల పెట్టింది ఆయననే."

"ఎవరు సార్?" తెలిసీ అడిగాను. నా నోటితో అనబుద్ధి కాలేదు.

"మల్లికార్జున్. బూడిదగుట్ట కింద పత్తి ప్లాట్లు గూడ ఆయనవే. రెండు నెల్ల సంది గుట్ట దిక్కు గొర్లను గూడ రానిస్తలేడని రాజోలోళ్ళు చెప్పుకుంటుండ్రు. కోతుల బెడద ఉన్నది, కాపలా పెట్టిన అన్నడు. నేను నమ్మిన."

నేను వేళ్ళ మీద లెక్క వేశాను. పదకొండుకు షెడ్డులోకి వచ్చాడు. చాచీకి ఫోన్ చేసింది జుమ్మా అజాన్ వేళకు, అంటే పన్నెండున్నర దాటాక. దవాఖానకు పోవడానికి జీపులో పది నిమిషాలు చాలు. మిగిలిన సమయమంతా ఏం చేశాడో ఇప్పుడు బల్ల మీద మొలిచి కనపడుతోంది. చాచా నేల మీద నెత్తురు కారుతూ పడి ఉండగా, బయటికి వెళ్ళి జీపులోంచి మట్టి తెచ్చాడు, గుంత పూడ్చాడు, గమ్ము నీళ్ళు చల్లాడు, చదును చేశాడు, షీటు కప్పి అంచులు దోపాడు. తను దొంగగా తవ్విస్తున్న గుంతను ఆదివారం ఊరి జనమంతా చూసేది ఆ బల్ల మీదే. ఇంత పనీ అయ్యాక గానీ మనిషి గుర్తుకు రాలేదు. వేయించాలని తెలియదు పాపం, విత్తనాలవాడికి మట్టి అంటే మొలిపించేదే.

"సార్," అన్నాను. "చాచా నిన్న వేళ్ళు కదిలిచ్చిండు. లేస్తె మొదలు చెప్పేది ఆయన పేరే."

ఇమ్మానుయేల్ అప్పటికే ఫోన్ తీశాడు. "ఎస్సైకి నేను చెప్త. కేసు కట్టించింది నేనే, విప్పించేది గూడ నేనే. నువ్వు దవాఖానకు ఫోన్ జెయ్యి, ఆ మనిషిని గదిలకు పోనియ్యొద్దని చెప్పు." ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు కృతజ్ఞత కలగడం అదే మొదలు. చెప్పే వ్యవధి లేదు.

దవాఖాన నంబరు కోసం నేను ఇంట్లోకి పరిగెత్తాను. చాచీ మంచం మీద రెండు లుంగీలు, ఒక తెల్ల కుర్తా మడత పెడుతోంది.

"చాచీ, ఆంబులెన్స్ ఎన్నింటికి?"

"ఎప్పుడో పోయింది బేటీ. నువ్వు ఇటు రాంగనే ఎల్లిండ్రు. ఎనక ఒక్కరికే జాగ ఉన్నదన్నరు. నేను కూసుంట అంటే, నీకు బండ్లల్ల వాంతులైతయి భాభీ, నువ్వు బట్టలు తీస్కోని నిమ్మలంగ కార్ల రా అన్నడు మల్లికార్జున్ భయ్యా. ఆయననే కూసున్నడు."

"ఆయన ఒక్కడేనా?"

"ఇంకెవరు? సొంత తమ్ముడు గూడ గింత జెయ్యడు."

చెప్పాలని నోరు తెరిచాను. అంతలో ఆమె ఫోన్ మోగింది. చాచీ స్పీకరు నొక్కింది. వెనక సైరను మోత వినపడుతోంది.

"భాభీ, ఖుష్ ఖబర్," అన్నాడు మల్లికార్జున్. "భాయ్ కండ్లు తెరిసిండు. నన్నే సూస్తుండు."

చాచీ మడత పెడుతున్న కుర్తాను గుండెకు హత్తుకుని అలాగే నేల మీద కూలబడిపోయింది. నేను వద్దని తల ఊపుతున్నా, ఫోన్ కోసం చెయ్యి చాస్తున్నా ఆమెకు కనపడటం లేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"అల్లా నిన్ను సల్లగ సూడాలె భయ్యా! నీ రుణం నేనెట్ల తీర్సుకుంటనో. నేను వచ్చేదాంక ఆయన చెయ్యి ఇడువకు."

"ఇడువ భాభీ," అన్నాడు అతను, ఫోన్ పెట్టేశాడు.